ఫెరారీ ఎఫ్40, ఎఫ్50, పోర్షే కరేరా జీటీ: ఏది కొనాలి, ఎంత తిరిగింది కొనాలి?

2021 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ వేలంలో ఒక మెక్‌లారెన్ ఎఫ్1 కారు 2 కోట్ల 4 లక్షల 65 వేల డాలర్లకు అమ్ముడైంది. పుట్టి పాతికేళ్లు దాటిన ఆ బండి మీటరు మీద ఉన్నది 400 కిలోమీటర్ల లోపే. దానికి రెండేళ్ల ముందు అదే మోడల్‌లో ఇంకో కారు 1 కోటి 98 లక్షల 5 వేల డాలర్లు పలికింది. అది మెక్‌లారెన్ కంపెనీయే విప్పి, లె మాన్ (ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు) స్థాయికి మార్చిన రెండు రోడ్డు కార్లలో ఒకటి. రెండు ధరలూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. కానీ మొదటిదానికి అంత వచ్చింది ఎవరూ ముట్టుకోనందుకు, రెండోదానికి వచ్చింది తయారుచేసినవాళ్లే మళ్లీ చేయి పెట్టినందుకు.

రేసింగ్ నుంచి పుట్టి, కలెక్టర్లు దాచుకునే ఇలాంటి అనలాగ్ కార్లు కొందామని దిగేవాళ్ల నోటి నుంచి మొదట వచ్చే ప్రశ్న "ఎంత తిరిగింది?" అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. దానికంటే ముందు కొనేవాళ్లు తమను తాము అడగాల్సింది ఒకటుంది: ఇంటికి తెచ్చాక ఏడాదికి ఎంత తిప్పుతాను? అసలు తిప్పనంటే కొనాల్సిన బండి ఒకటి, ఏడాదికి రెండు వేల కిలోమీటర్లంటే కొనాల్సింది మరొకటి. ఇది తేల్చుకోకుండా మీటరు చూసి మురిసిపోయి కొన్నవాళ్లకు ఆ తర్వాత నిద్ర ఉండదు. బయటికి తీస్తే విలువ పోతుందని ఒక భయం, తీయకపోతే బండి పాడవుతుందని ఇంకో భయం.

ఈ మూడే ఎందుకు?

అనలాగ్ అనే మాటను ఇప్పుడు పాత స్పోర్ట్స్ కారు కనిపిస్తే చాలు తగిలించేస్తున్నారు. నేను ఇక్కడ వాడుతున్నది కాస్త గట్టి అర్థంలో. మూడు పెడళ్లు ఉండాలి, గేరు చేత్తో వేయాలి, బండి అడ్డం తిరిగితే పట్టి నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్ ఉండకూడదు. రేసింగ్ నుంచి పుట్టింది అనడానికి వెనక పెద్ద రెక్క ఉంటే సరిపోదు. ఇంజనో ఛాసిస్సో రేసు కోసం చేసిన పనిలోంచి వచ్చి ఉండాలి.

ఈ రెండు జల్లెళ్లు పట్టేసరికి పెద్ద పేర్లే రాలిపోతాయి. ఫెరారీ ఎంజోకూ, దాని పునాది మీద కట్టిన మసెరాటీ ఎంసీ12కూ గేర్లు స్టీరింగ్ వెనకున్న ప్యాడిళ్లతో మారతాయి. మెర్సిడెస్ సీఎల్‌కే జీటీఆర్ అచ్చంగా రేసు కారే అయినా దానిదీ ప్యాడిళ్ల దారే. మెక్‌లారెన్ ఎఫ్1 కథ తిరగేసి ఉంటుంది. డిజైనర్ గోర్డన్ మరే దాన్ని రోడ్డు కోసమే గీశాడు, రేసులు తర్వాత వచ్చాయి, 1995లో లె మాన్ కూడా గెలిచింది. అయితే మొత్తం తయారైనవే 106, ధర వేరే లోకం. అందుకే నిజంగా కొనేవాళ్ల ముందు మిగిలేవి మూడు: ఫెరారీ ఎఫ్40, ఫెరారీ ఎఫ్50, పోర్షే కరేరా జీటీ. వాటి పక్కన అరుదుగా జాగ్వార్ ఎక్స్‌జేఆర్-15 వస్తుంది. దాని సంగతి కూడా చెబుతాను.

ఎఫ్40: అందరికీ తెలిసిన బండి

గ్రూప్ బి రేసింగ్ కోసం ఫెరారీ 288 జీటీఓ ఎవల్యూజియోనె అనే కారును సిద్ధం చేస్తుండగా వరస ప్రమాదాలతో 1986 తర్వాత ఆ విభాగమే మూతపడింది. ఆ పని వృథా కాకుండా 1987లో ఎఫ్40గా బయటికి వచ్చింది. కంపెనీకి నలభై ఏళ్లు నిండిన సందర్భం అది. మరుసటి ఏడాదే ఎంజో ఫెరారీ చనిపోయారు. ఆయన దగ్గరుండి ఔనన్న చివరి ఫెరారీ ఇదే.

2.9 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 478 హార్స్‌పవర్. నూనెలూ నీళ్లూ పోయకముందు బరువు 1,100 కిలోలు. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, బ్రేకు పెడల్‌కు సాయం చేసే సర్వో లేదు. లోపల కార్పెట్ ఉండదు, ప్యానెళ్లు అతికించిన జిగురు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, తలుపు తెరవాలంటే తాడు లాగాలి. తొక్కిన వెంటనే ఏమీ జరగదు. టర్బోలు అందుకునేదాకా మామూలు బండిలా ఉండి, అందుకున్నాక వీపును సీటుకు అతికించేస్తుంది. ఈ ఆగి కొట్టే దెబ్బ కోసమే దీన్ని ప్రేమించేవాళ్లు ఉన్నారు. నాకు కూడా అదంటే ఇష్టమే, కానీ తడి రోడ్డు మీద దానితో పరిచయం పెంచుకోమని ఎవరికీ చెప్పను.

కొనేవాడి కోణంలో ఎఫ్40కున్న పెద్ద బలం సంఖ్య. 1,300 పైచిలుకు తయారయ్యాయి కాబట్టి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట అమ్మకానికి ఉంటుంది. తొందరపడాల్సిన పని లేదు, నాలుగు చూసి ఐదోది కొనవచ్చు. దీని గుట్టు తెలిసిన మెకానిక్‌లు కూడా ఎక్కువమందే. తిరిగి అమ్మేటప్పుడూ అదే లాభం.

చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్యాక్టరీలో బరువు తగ్గించడానికి పెయింట్ పలచగా కొట్టారు, అందుకే కొంచెం ఏటవాలుగా చూస్తే దాని కింద కెవ్లార్ అనే గట్టి నార అల్లిక కనిపిస్తుంది. ఎక్కడైనా అల్లిక మాయమై నున్నగా అద్దంలా మెరుస్తోందంటే అక్కడ మళ్లీ రంగు పడింది. ఎందుకు పడిందో కాగితం చూపించమనండి. తొలినాళ్ల కార్లలో పక్క అద్దాలు జరిపే లెక్సాన్ ప్లాస్టిక్ పలకలు, పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ లేదు, సస్పెన్షన్ ఎత్తు మార్చే ఏర్పాటు లేదు. కలెక్టర్లు వీటికే ఎక్కువ ఇస్తారు. తర్వాత వచ్చిన బండిని తొలినాళ్లదిగా కనిపించేలా మార్చినవి కూడా ఉంటాయి, కాబట్టి ఛాసిస్ నంబరుకూ ఒంటి మీదున్న భాగాలకూ పొంతన చూడాలి.

ఎఫ్50: ఫార్ములా వన్ ఇంజన్‌కు నంబర్ ప్లేటు

ఎఫ్40 తర్వాత వచ్చింది కాబట్టి ఎఫ్50 చాలాకాలం చిన్నచూపుకు గురైంది. అందంగా లేదన్నారు. ఆ మాట ఇప్పుడు వినిపించడం లేదు. ఎందుకంటే దాని లోపల ఉన్నది ఏమిటో జనానికి నెమ్మదిగా అర్థమైంది.

1990లో అలెన్ ప్రాస్ట్, నైజెల్ మాన్సెల్ నడిపిన ఫెరారీ 641 అనే ఫార్ములా వన్ కారు ఆ ఏడాది ఆరు రేసులు గెలిచింది. దాని 3.5 లీటర్ల వీ12 ఇంజన్ నుంచి పుట్టిందే ఎఫ్50 ఇంజన్. రోడ్డు మీద మన్నడానికి దిమ్మను పోత ఇనుముతో చేసి, 4.7 లీటర్లకు పెంచి, 8,500 ఆర్‌పీఎం దగ్గర 520 హార్స్‌పవర్‌కు తెచ్చారు. సిలిండర్‌కు ఐదు వాల్వులు. వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి దాన్ని బిగించిన తీరు. కార్బన్ ఫైబర్ టబ్ (మనుషులు కూర్చునే తొట్టిలాంటి చట్రం) వెనక గోడకు ఇంజన్‌ను నేరుగా బోల్టులతో బిగించారు, మధ్యలో రబ్బరు లేదు. వెనక సస్పెన్షన్ భారం గేర్‌బాక్సే మోస్తుంది. అంటే ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కారు అస్థిపంజరంలో ఎముకలే. ఫార్ములా వన్ కారు కట్టే పద్ధతి ఇదే. దాని ఫలితం వీపుకూ చేతులకూ తెలుస్తుంది, ప్రతి వణుకూ లోపలికి వస్తుంది. సంగీతం పెట్టుకుని వెళ్లే బండి కాదిది. అద్దాలు కూడా చేత్తో తిప్పి దించాల్సిందే.

1995 నుంచి 1997 దాకా తయారైనవి 349. మార్కెట్ అడిగేదానికంటే ఒకటి తక్కువ చేద్దాం అన్న ఫెరారీ పాత సూత్రం ప్రకారం పెట్టుకున్న సంఖ్య అది. ఎఫ్40తో పోలిస్తే నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. అందువల్ల తక్కువ తిరిగిన ఎఫ్50 కావాలంటే బండి మీ కోసం ఆగదు, మీరే దాని కోసం ఆగాలి.

ఎఫ్50తో పాటు రావాల్సిన సరంజామా గురించి అమ్మేవాళ్లు తేలిగ్గా మాట్లాడితే నమ్మకండి. గట్టి టాప్ విప్పితే పెట్టుకోవడానికి కారులో చోటు లేదు, దానికంటూ ఒక పెద్ద పెట్టె ఇచ్చారు. బండికి కొలతలు తీసి కుట్టిన లగేజీ సంచులు, పుస్తకాలు, పనిముట్లు ఉంటాయి. ఇవి పోతే మళ్లీ దొరకడం చాలా కష్టం. అయితే పెట్టె లేని మంచి బండికీ, పెట్టె ఉన్న అనుమానపు బండికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను పెట్టె వదిలేస్తాను.

కరేరా జీటీ: నడిపేవాళ్ల బండి

పోర్షే 1991లో ఫుట్‌వర్క్ జట్టుకు ఇచ్చిన ఫార్ములా వన్ వీ12 ఇంజన్ ఘోరంగా విఫలమైంది. దాని తర్వాత గీసిన వీ10 రేసు ముఖం చూడకుండానే మూలన పడింది. ఆ దశాబ్దం చివర్లో లె మాన్ కోసం కొత్త కారు కట్టాలనుకున్నప్పుడు ఆ వీ10నే బయటికి తీసి 5.5 లీటర్లకు పెంచారు. 1999లో ఆ కారు పరీక్షగా కాసిని చక్కర్లు కొట్టింది, అంతలో ఆ ప్రాజెక్టు కూడా రద్దయింది. రెండుసార్లు గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్లిన ఇంజన్ చివరికి 5.7 లీటర్లతో, 8,000 ఆర్‌పీఎం దగ్గర 612 హార్స్‌పవర్‌తో కరేరా జీటీలో రోడ్డెక్కింది. ఒక్క రేసు కూడా నడవని రేసు ఇంజన్ ఇది. దీని చరిత్రలో నన్ను కదిలించే సంగతి ఇదే.

లైప్‌జిగ్ ఫ్యాక్టరీలో 2006 దాకా తయారైనవి 1,270. అనుకున్నవి 1,500, మధ్యలో ఆపేశారు. టబ్ కార్బన్, ఇంజన్‌ను పట్టుకునే వెనక ఫ్రేమ్ కూడా కార్బనే. సస్పెన్షన్ పుష్‌రాడ్‌లతో, చక్రాలు మెగ్నీషియంతో చేశారు. గేరు రాడ్ తలకు చెక్క గుండు, పాత 917 రేసు కార్లకు నమస్కారంగా. ఫెరారీలు రెండింటికీ లేని ఏబీఎస్, పవర్ స్టీరింగ్, ట్రాక్షన్ కంట్రోల్ దీనికి ఉన్నాయి. కానీ అడ్డం తిరిగితే పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. పైకప్పు రెండు పలకలుగా విడిపోయి ముందు డిక్కీలో పడుతుంది.

క్లచ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సెరామిక్‌తో చేసిన రెండు పలకల క్లచ్ ఇది, వ్యాసం 169 మిల్లీమీటర్లే. అంత చిన్నదాన్ని పెట్టింది ఇంజన్‌ను వీలైనంత కిందికి దించడానికి. మామూలు బండిలా యాక్సిలరేటర్ తొక్కుతూ వదిలితే ఎగిరి పడి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ను నెమ్మదిగా వదిలితే ఇంజన్ తనంతట తానే కదిలిస్తుంది. తెలియనివాళ్లు యాక్సిలరేటర్ తొక్కుతూ క్లచ్‌ను వేడెక్కించి నడిపితే పలకలు త్వరగా అరుగుతాయి, మార్చడం చాలా ఖర్చు. ఎంత మిగిలిందో వర్క్‌షాప్‌లో కొలిచి చెప్పగలరు. ఆ కొలత లేకుండా కరేరా జీటీ కొనకండి. మూడు వేల కిలోమీటర్లే తిరిగి, ఆ మూడు వేలూ ఊరేగింపుల్లో, హోటల్ ముంగిళ్లలో తిరిగిన బండి క్లచ్ కంటే, ఇరవై వేలు హైవే మీద తిరిగిన బండి క్లచ్ బాగుండే వీలుంది.

ఇంకో రెండు విషయాలు ప్రాణానికి సంబంధించినవి. 2023లో పోర్షే కరేరా జీటీలన్నిటినీ నడపవద్దని చెప్పి వెనక్కి పిలిచింది. సస్పెన్షన్ కీళ్లు తుప్పు, ఒత్తిడి కలిసి పగిలే ప్రమాదం ఉందని తేలింది. కొనే బండికి ఆ భాగాలు మార్చారా అన్నది కాగితం మీద చూడాలి. రెండోది టైర్లు. 2013లో కాలిఫోర్నియాలో ఇద్దరిని బలిగొన్న కరేరా జీటీ ప్రమాదానికి వేగమే ప్రధాన కారణం. అయితే ఆ టైర్ల వయసు తొమ్మిదేళ్లని కూడా దర్యాప్తులో బయటపడింది. మిషెలిన్ ఈ కారు కోసమే ఇప్పటి రబ్బరుతో కొత్త టైర్లు చేసింది. వాటితో బండి స్వభావమే మెత్తబడిందని నడిపేవాళ్లు చెబుతారు.

ఎక్స్‌జేఆర్-15 గురించి క్లుప్తంగా. 1988లో లె మాన్ గెలిచిన జాగ్వార్ ఎక్స్‌జేఆర్-9 మీదే కట్టిన కారు. 6 లీటర్ల వీ12, దాదాపు 450 హార్స్‌పవర్, పూర్తిగా కార్బన్ ఒళ్లు, మొత్తం 53. రేసు రక్తం లెక్కేస్తే పై మూడింటికంటే ఇదే చిక్కన. 1991లో ఫార్ములా వన్ రేసులకు అనుబంధంగా మొనాకో, సిల్వర్‌స్టోన్, స్పాలలో వీటికే ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. అందువల్ల తక్కువ కిలోమీటర్లు అన్న మాట ఇక్కడ మోసం చేయగలదు, రేసు కిలోమీటరూ రోడ్డు కిలోమీటరూ ఒకటి కావు. లోపల మాట్లాడుకోవాలంటే హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి. దీన్ని కట్టిన టీడబ్ల్యూఆర్ సంస్థ 2003లో మూతపడింది, కాబట్టి ఫ్యాక్టరీ తలుపు తట్టే వీలు తక్కువ. మొదటి కలెక్టర్ కారుగా వద్దు.

మీటరు తక్కువైతే ఏం వస్తుంది, ఏం పోతుంది

వచ్చేది రెండు. ఒకటి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి పెయింట్, తోలు, బోల్టుల మీద గుర్తులు అలాగే ఉంటాయి. ఇంకో కారును బాగుచేసేటప్పుడు ఇలాంటి బండే కొలబద్ద. రెండు, వేలంలో చేతులు లేస్తాయి.

పోయేది బయటికి కనిపించదు. ఎఫ్50కూ, చాలా ఎఫ్40లకూ పెట్రోలు ట్యాంకు అంటే రేసు కార్లలోలా రబ్బరు సంచి, లోపల స్పాంజి. బండి తిరిగినా తిరగకపోయినా ఆ రబ్బరు ముదిరి బీటలు వారుతుంది, స్పాంజి పొడిపొడిగా రాలి పంపులను మూస్తుంది. పదేళ్లకోసారి మార్చాల్సిన వస్తువు అది. నిలవ పెట్రోలు నెలల్లోనే జిగురుగా మారి ఇంజెక్టర్లకు పడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను తాగుతుంది, రెండేళ్లకు మించి ఉంచితే లోపల తుప్పు మొదలవుతుంది. ఆయిల్ తగలక సీళ్లు ఎండి గట్టిపడతాయి. పదేళ్లు నిలబడిన బండిని ఒక్కసారిగా హైవే ఎక్కిస్తే అవి వరసగా కారడం మొదలుపెడతాయి. ఎఫ్40 టైమింగ్ బెల్టు కిలోమీటర్లు లెక్కపెట్టదు, సంవత్సరాలే లెక్కపెడుతుంది.

"వారానికోసారి షెడ్డులోనే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతాం" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. నా మటుకు అది హెచ్చరిక. పది నిమిషాల్లో నీళ్లు వేడెక్కుతాయేమో కానీ ఆయిల్ వేడెక్కదు. కాలినప్పుడు పుట్టిన తేమ ఆయిల్‌లో, సైలెన్సర్‌లో నిలిచిపోతుంది. నెలకోసారి రోడ్డెక్కి, ఆయిల్ పూర్తిగా వేడెక్కాక ఇంకో అరగంట తిరిగి వస్తే ఆ తేమంతా ఆవిరైపోతుంది. కుదరకపోతే అసలు స్టార్ట్ చేయకుండా పద్ధతిగా నిలవ ఉంచడమే నయం.

ఇక డబ్బు లెక్క. 500 కిలోమీటర్లు తిరిగిన ఎఫ్50ను మీరు ఇంకో 500 నడిపితే మీటరు రెట్టింపయింది. ఆ బండికి మీరు ఎక్కువ చెల్లించింది ఆ చిన్న అంకె కోసమే, దాన్ని మీరే కరిగించుకున్నారు. అదే 15,000 తిరిగిన బండిని 500 నడిపితే తర్వాత కొనేవాడు కూడా పట్టించుకోడు. అంటే తక్కువ తిరిగిన బండిలో ప్రతి కిలోమీటరూ ఖరీదైనది. తిప్పాలనుకునేవాడు అలాంటి బండి కొనడమంటే ఎవరో దాచిన సొమ్మును ఎక్కువ ధరకు కొని, తాను ఖర్చు పెట్టడమే.

అందుకే నా లెక్క ఇది. తిప్పేవాళ్లు ఎనిమిది వేల నుంచి పాతిక వేల కిలోమీటర్ల మధ్య తిరిగి, ఏ ఏడాదీ ఖాళీ లేకుండా సర్వీసు బిల్లులున్న బండి చూడాలి. తిప్పనివాళ్లు వెయ్యి లోపు బండి చూడాలి, కానీ అది కూడా కాలం ప్రకారం పెట్రోలు సంచులు, బెల్టులు, గొట్టాలు మార్చుకుంటూ వచ్చినదై ఉండాలి. ఈ రెండింటి మధ్య, రెండు మూడు వేలు తిరిగిన బండి పైకి మధ్యేమార్గంలా కనిపిస్తుంది. చాలాసార్లు అది ఎటూ కాకుండా పోతుంది. మ్యూజియంకు ఎక్కువ, రోడ్డుకు తక్కువ, ధర మాత్రం మ్యూజియం వైపే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత టైర్లు ఉండటం కూడా గొప్పగా చెబుతారు. అవి విలువైనవే, కానీ నడపడానికి పనికిరావు. విప్పి చీకటి గదిలో దాచి, నడపడానికి కొత్తవి వేయించుకోండి. 2000 నుంచి తయారైన టైర్ల పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం.

అంకె నిజమేనా?

మీటరు వైరు పీకి నడపడం, వెనక్కి తిప్పడం ఖరీదైన కార్లకు కొత్త కాదు. తక్కువ అంకెకు ఎక్కువ డబ్బు వచ్చే చోట అనుమానం కూడా అంతే ఉండాలి. మొదట బిల్లులు తేదీల వరసలో పేర్చండి, ప్రతి బిల్లు మీదా మీటరు అంకె ఉంటుంది. బ్రిటన్‌లాంటి చోట్ల ఏటా జరిగే ఎంఓటీ అనే వాహన తనిఖీలోనూ ఆ అంకె నమోదవుతుంది. ఎక్కడైనా నాలుగేళ్లు అంకె కదలకపోయినా ఆ నాలుగేళ్లలో రెండు జతల టైర్లు మారాయంటే కథ తెలిసిపోయినట్టే. తర్వాత ఒంటి మీద చూడండి. పెడల్ రబ్బరు అంచులు, సీటులో ఎక్కేవైపు ఉబ్బు, ఎండకు అడ్డంగా పట్టి చూస్తే ముందు అద్దం మీద ఇసుక గాట్లు. కరేరా జీటీ ఇంజన్ కంప్యూటర్‌ను వర్క్‌షాప్‌లో చదివిస్తే ఎన్ని గంటలు నడిచిందో, ఆర్‌పీఎం హద్దు దాటిందో లేదో తెలుస్తుంది. కిలోమీటర్లను గంటలతో భాగించి చూడండి. సగటు వేగం నడిచి వెళ్లే మనిషితో సమానంగా వస్తే ఆ బండి షెడ్డులో నిలబడి ఉరిమిందన్నమాట.

ఫెరారీలకు ఆ కంపెనీ పాతకార్ల విభాగం క్లాసికె ఇచ్చే ధ్రువీకరణ పుస్తకం ఉండాలి. ఇంజన్, గేర్‌బాక్స్, ఛాసిస్ పుట్టినప్పటివేనా అని కంపెనీయే తేల్చి చెబుతుంది. అది బండి నిజమైనదని చెబుతుందే తప్ప ఆరోగ్యంగా ఉందని చెప్పదు. ఈ తేడా మరిచిపోయి మోసపోయినవాళ్లు ఉన్నారు.

కార్బన్ టబ్ దగ్గర మాత్రం కంటిని నమ్మకండి. ఇనుము వంగితే కనిపిస్తుంది. కార్బన్ పైకి బాగానే ఉండి లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. ఎఫ్50, కరేరా జీటీలు కింద రాయి తగిలినా, పక్కన చిన్న దెబ్బ తగిలినా, జాకీ తప్పుచోట పెట్టినా టబ్‌కు చేటే. కార్బన్ పరీక్ష తెలిసినవాళ్ల చేత అల్ట్రాసౌండ్‌తో చూపించాలి. ఎఫ్40కి లోపల ఉక్కు గొట్టాల చట్రం, దాన్ని చదవడం కాస్త తేలిక. కోట్లు పోసి కొంటూ పరీక్ష ఫీజు దగ్గర వెనకాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

నేనైతే

ఒకే బండి, దాన్ని నడుపుతాను అనేవాళ్లకు కరేరా జీటీ. పవర్ స్టీరింగ్, ఏబీఎస్ ఉన్నందువల్ల దూరప్రయాణం కుదురుతుంది, కంపెనీ ఇంకా వెనక నిలబడుతోంది, టైర్లు దొరుకుతున్నాయి. క్లచ్ కొలత, సస్పెన్షన్ మార్పిడి, టబ్ పరీక్ష మూడూ తేలితే ఇరవై వేలు తిరిగిన బండికైనా నేను జంకను.

ఒకే బండి, నడపను, రాబోయే తరానికి అందిస్తాను అనేవాళ్లకు ఎఫ్50. సంఖ్య తక్కువ, ఇంజన్ వంశం ఎవరూ ప్రశ్నించలేనిది, ఇక ఫెరారీ అలాంటిది మళ్లీ చేయలేదు. తక్కువ తిరిగిందానికి ఎక్కువ పెట్టడం సమంజసమనిపించేది ఈ మూడింటిలో దీనికే. నా మనసు కూడా దీని మీదే ఉంది. అయితే నేను కొనే ఎఫ్50 మాత్రం పదివేలు దాటినదే అవుతుంది, ఎందుకంటే 8,500 దగ్గర ఆ వీ12 ఎలా పలుకుతుందో వినకుండా దాన్ని పక్కన పెట్టుకోవడం నా వల్ల కాదు.

కొన్నాళ్లు ఉంచుకుని అమ్మే ఆలోచన ఉన్నవాళ్లకు, అసలు ఈ లోకంలోకి మొదటిసారి అడుగుపెట్టేవాళ్లకు ఎఫ్40. కొనడమూ అమ్మడమూ తేలిక. తక్కువ తిరిగినవి కూడా సంఖ్యలో ఎక్కువ కాబట్టి మీటరు కోసం అదనంగా ఇచ్చేది ఇక్కడ కాస్త ఆచితూచి ఇవ్వాలి.

వేరే దేశం నుంచి తెప్పించాలనుకుంటే బండి చూడకముందే నిబంధనలు చూడాలి. అమెరికాలో పాతికేళ్లు నిండిన కారుకు దిగుమతి సులువు. అంతకంటే కొత్తదైతే, అక్కడ అమ్మని అరుదైన మోడల్‌కు ప్రదర్శన కింద అనుమతి దొరికినా ఏడాదికి 2,500 మైళ్లు మించి నడపకూడదు. నడపడానికే కొనేవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

చివరిగా, చూడటానికి వెళ్లే రోజు. ముందురాత్రి నుంచి ఇంజన్ ముట్టుకోవద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చేయి వేసి చల్లగా ఉందో లేదో చూడండి. వెచ్చగా ఉంటే మర్యాదగా కాఫీ తాగి, మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే మీ మెకానిక్‌ను వెనక నిలబెట్టి స్టార్ట్ చేయించండి. మొదటి నిమిషంలో సైలెన్సర్ నుంచి వచ్చే పొగ రంగు, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచే వేగం, బెల్టుల వైపు నుంచి వచ్చే శబ్దం ఆయన రాసుకోవాలి. ఆయిల్ వేడెక్కేదాకా, అంటే అరగంటకు పైగా, రోడ్డు మీద తిప్పి తెచ్చి ఆపి, పది నిమిషాలాగి కింద కాగితం పరిచి చూడండి. బయానా మాట ఆ కాగితం చూశాకే.